చేతినింపు తూటాలు: నిల్వ, మన్నిక

ఫ్యాక్టరీలో కాకుండా ఇంట్లోనో చిన్న వర్క్‌షాపులోనో, భాగాలను విడివిడిగా కొనితెచ్చి చేతి పనిముట్లతో నింపుకున్న తూటాను చేతినింపు తూటా అంటారు. ఈ పనికి హ్యాండ్‌లోడింగ్, రీలోడింగ్ అనే రెండు పేర్లు వాడుకలో ఉన్నాయి. ఒకసారి పేలిన తూటా తొడుగును మళ్లీ నింపితే రీలోడింగ్. కొత్త తొడుగు అయినా పాతది అయినా చేత్తో నింపే పని మొత్తం హ్యాండ్‌లోడింగ్. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలతో పాటు పలు ఐరోపా దేశాల్లో గురి పోటీలకు వెళ్లేవారు, వేటగాళ్లు చట్టం ఒప్పుకున్న మేరకు ఈ పని చేస్తారు. భారతదేశంలో లైసెన్సు లేకుండా చేస్తే నేరం (చూ. చట్టం).

తూటా మన్నిక అంటే, కాలం గడిచాక కూడా అది పేలాల్సినప్పుడు పేలాలి, పేలినప్పుడు అనుకున్న ఒత్తిడిని మించకూడదు. మొదటిదాని గురించి అందరూ అడుగుతారు. రెండోదాని గురించి తక్కువమంది ఆలోచిస్తారు, కానీ ప్రాణాపాయం ఎక్కువగా ఉన్నది అక్కడే. పేలని తూటా నిరాశపరుస్తుంది. ఒత్తిడి హద్దు దాటిన తూటా తుపాకీ గొట్టాన్నే చీల్చగలదు.

భాగాలు

తూటాలో నాలుగు భాగాలుంటాయి. 70 శాతం రాగి, 30 శాతం తుత్తునాగం కలిసిన ఇత్తడి తొడుగు ఒకటి. దాని అడుగున దెబ్బ తగలగానే నిప్పురవ్వ పుట్టించే ప్రైమర్ రెండోది. లోపలి పొగలేని మందు మూడోది. మూతిలో బిగించిన గుండు నాలుగోది. ఒక్కోదాని వయసు ఒక్కో తీరున నడుస్తుంది. తూటాకు విడిగా ఆయుష్షు లేదు. ఈ నాలుగింటిలో ఏది ముందు చెడితే తూటా ఆయుష్షు అంతే.

ఫ్యాక్టరీ తూటాకూ చేతినింపు తూటాకూ రసాయనంలో తేడా లేదు. తేడా ఉన్నది అమరికలో. సైన్యానికి వెళ్లే తూటాల్లో ప్రైమర్ చుట్టూ, తొడుగు మూతి దగ్గర తేమ చొరబడకుండా లక్క వంటి పూత వేస్తారు. ఏ రోజు ఏ మందు ఏ విడతలో నింపారో రికార్డు ఉంటుంది, నమూనాలు పక్కన పెట్టి ఏళ్ల తరబడి పరీక్షిస్తారు. ఇంట్లో నింపిన తూటాకు సాధారణంగా పూత ఉండదు, పక్కన పెట్టిన నమూనా ఉండదు. ఉన్న రికార్డల్లా నింపినవారు డబ్బా మీద రాసుకున్న చీటీయే.

చరిత్ర

19వ శతాబ్దపు తూటాల్లో ఉండేది నల్లటి తుపాకి మందు: పెట్లుప్పు సుమారు 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10. ఇది పొడిగా ఉంటే రసాయనికంగా చెడదు, తరాలు గడిచినా మండుతుంది. తేమే దాని శత్రువు. 1870ల్లో అమెరికా మైదానాల్లో అడవిదున్నలను వేటాడినవారు విడిదిలోనే తూటాలు నింపుకునేవారు. అమెరికా సైన్యం కూడా 1873లో తెచ్చిన 45-70 రకం తూటాల తొడుగులను తన శిబిరాల్లో అభ్యాసం కోసం మళ్లీ నింపించింది. ఆనాడు తూటాలు నింపుకునేవారికి నిల్వ సమస్య తూటాకన్నా ఖాళీ తొడుగుతోనే ఎక్కువ. కాలిన నల్లమందు మిగిల్చే ఉప్పు మసి గాలిలోని తేమను లాక్కుని ఇత్తడిని తినేస్తుంది కాబట్టి, పేల్చిన రోజే తొడుగులను నీళ్లలో కడగాల్సి వచ్చేది.

జాన్ బార్లో 1884లో ఐడియల్ కంపెనీ పెట్టి చేతి పనిముట్లు అమ్మాడు. ఆ వ్యాపారం 1925లో లైమన్ చేతికి వెళ్లింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఈ అలవాటు బాగా వ్యాపించింది. సైన్యం దగ్గర మిగిలిపోయిన 4895 రకం వంటి పొగలేని మందులను బ్రూస్ హాడ్జ్‌డన్ వంటివారు కొని తక్కువ ధరకు జనానికి అమ్మారు. స్పీర్, హార్నడీ వంటి సంస్థలు గుండ్లు తయారుచేశాయి. ఎన్నో ఇళ్ల అరల్లోకి మందు డబ్బాలు చేరాయి. నిల్వ గురించి మామూలు మనిషికి అర్థమయ్యేలా చెప్పాల్సిన అవసరం అప్పుడే గట్టిగా పుట్టింది.

పొగలేని మందు వయసు

పొగలేని మందుకు ఆధారం నైట్రోసెల్యులోజ్. దూదిని నత్రికామ్లం, గంధకికామ్లం మిశ్రమంలో ముంచి దీన్ని తయారుచేసే పద్ధతిని క్రిస్టియన్ షోన్‌బైన్ 1846లో ప్రకటించాడు. మరుసటి ఏడే ఇంగ్లండులోని ఫేవర్‌షామ్ దగ్గర దాన్ని తయారుచేస్తున్న కర్మాగారం పేలి సుమారు 20 మంది చనిపోయారు. దూదిలో మిగిలిపోయిన ఆమ్లమే దాన్ని అస్థిరం చేస్తోందని, ముద్దగా నలిపి బాగా కడగాలని ఫ్రెడరిక్ ఏబెల్ 1860ల్లో తేల్చాడు. ఆ తర్వాతే 1884లో ఫ్రాన్సులో పాల్ వియెల్ తయారుచేసిన పౌడర్ బి, 1887లో ఆల్ఫ్రెడ్ నోబెల్ బాలిస్టైట్, 1889లో బ్రిటన్ కార్డైట్ అనే పొగలేని మందులు వచ్చాయి. ఆ కార్డైట్‌ను ఇక్కడే చేసుకోవడానికి 20వ శతాబ్దం తొలి ఏళ్లలో నీలగిరుల్లోని అరువంకాడులో పెట్టిన ఫ్యాక్టరీ నేటికీ ఉంది.

నైట్రోసెల్యులోజ్ ఎంత శుభ్రంగా తయారుచేసినా మెల్లగా విచ్ఛిన్నమవుతూనే ఉంటుంది. ఆపడం కుదరదు, నెమ్మది చేయడమే కుదురుతుంది. విడిపోయిన అణువులోంచి నత్రజని ఆక్సైడ్లు వెలువడతాయి. అవి తేమతో కలిసి ఆమ్లమవుతాయి. ఆ ఆమ్లం మిగిలిన నైట్రోసెల్యులోజ్‌ను ఇంకా వేగంగా విడగొడుతుంది. పాలల్లో తోడు పడ్డట్టు, ఒకసారి మొదలయ్యాక తనను తానే పెంచుకునే చర్య ఇది. పెద్ద రాశిలో జరిగితే పుట్టిన వేడి బయటికి పోయే దారి లేక రాశి దానంతట అదే అంటుకుంటుంది.

ఫ్రెంచి నౌకాదళం ఇందుకు భారీ మూల్యం చెల్లించింది. 1907 మార్చి 12న తూలాన్ రేవులో ఇయెనా అనే యుద్ధనౌక మందుగదులు పేలి సుమారు 120 మంది, 1911 సెప్టెంబరు 25న అదే రేవులో లిబెర్తె పేలి 200 మందికి పైగా చనిపోయారు. రెండింటికీ చెడిపోయిన పౌడర్ బి కారణమని భావించారు.

పరిష్కారం స్టెబిలైజర్ అనే పదార్థం. డైఫినైల్ ఎమీన్, ఇథైల్ సెంట్రలైట్ వంటివి వెలువడిన నత్రజని ఆక్సైడ్లను అక్కడికక్కడే పట్టుకుని చర్య పెరగకుండా చూస్తాయి. మందు బరువులో ఇవి సుమారు 1 శాతమే ఉంటాయి. ఆ 1 శాతం ఖర్చయిపోయే వరకే మందుకు భద్రత. కాబట్టి మందు వయసును కొలవడమంటే, గడిచిన సంవత్సరాల కన్నా మిగిలిన స్టెబిలైజర్‌ను కొలవడం. ప్రయోగశాలలు చేసేది అదే. ఇంట్లో నింపుకునేవారికి ఆ పరికరాలు ఉండవు, వారి చేతిలో ఉన్నది ఉష్ణోగ్రత ఒక్కటే.

ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ విచ్ఛిన్నం రెండింతలకు పైగా వేగవంతమవుతుంది. నాటో దేశాలు వాడే ఒక ప్రామాణిక పరీక్షలో మందును 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర 10.6 రోజులు ఉంచి చూస్తారు. 25 డిగ్రీల దగ్గర 10 సంవత్సరాల నిల్వకు అది సమానమని లెక్క. పదేళ్ల వయసు పదకొండు రోజుల్లో కరిగిపోతుందంటే, ఎండలో నిలిపిన కారు డిక్కీ, రేకుల కప్పు కింది అటక తూటాలకు ఎందుకు పనికిరావో ఆ లెక్కే చెబుతుంది. చల్లటి పొడి గదిలో ఉంచిన సైనిక తూటాలు ఎన్నో దశాబ్దాల తర్వాత కూడా సరిగా పేలడం వెనకా అదే లెక్క.

స్టెబిలైజర్ మిగిలి ఉండగానే జరిగే మార్పులు కూడా ఉన్నాయి. మందు గింజల పైన మంట వేగాన్ని అదుపు చేసే పూత ఉంటుంది. వేడిలో చాలాకాలం ఉంటే అది గింజ లోపలికి ఇంకిపోయి మండే తీరు మారవచ్చు. మందులోని తేమ కూడా ముఖ్యమే. చలికాలంలో హీటరు వేసిన పొడి ఇంట్లో మూత తీసి ఉంచిన మందు తేమ కోల్పోయి వేగంగా మండుతుంది. అందుకే మందు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేయడం మంచి పనిలా కనిపించినా మంచి పని కాదు. అవి నింపిన తూటాల డబ్బాకు తగినవి.

ఇత్తడి పగుళ్లు

ఈ అంశంలో భారతదేశానికి నేరుగా సంబంధమున్న ఘట్టం ఉంది. బ్రిటిష్ పాలనలో వానాకాలం రాగానే సైన్యం తూటాలను గుర్రపుశాలల్లో భద్రపరిచేది. వానలు వెలిశాక చూస్తే పైకి బాగున్న ఇత్తడి తొడుగులు మూతుల దగ్గర చీలి ఉండేవి. రుతువును బట్టి వస్తుంది కాబట్టి దీన్ని రుతుపగులు అన్నారు. మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు 1921లో అసలు కారణం బయటపెట్టారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, వానాకాలపు తేమ, తొడుగును సాగదీసి తయారుచేసినప్పుడు లోహంలో మిగిలిపోయిన లోపలి బిగువు కలిస్తే ఇత్తడి చీలుతుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా చీలదు. బిగువును తక్కువ వేడితో కాచి తీసేస్తే సమస్య తగ్గుతుందని తేలింది.

చేతినింపు తూటాలకు ఈ పాఠం రెట్టింపుగా వర్తిస్తుంది. ప్రతిసారీ పేలినప్పుడు తొడుగు మూతి ఉబ్బుతుంది, మళ్లీ నింపేముందు దాన్ని అచ్చులో నొక్కి సన్నబరుస్తారు. ఉబ్బడం, నొక్కడం జరిగిన కొద్దీ ఇత్తడి గట్టిపడి పెళుసవుతుంది, లోపల బిగువు పేరుకుంటుంది. అలాంటి మూతిలో గుండును బిగించి అరలో పెడితే, ఎవరూ ముట్టకుండానే కొన్నేళ్లకు చీలిన తూటాలు కనిపిస్తాయి. మూతిని అప్పుడప్పుడూ వేడిచేసి మెత్తబరిచేది ఇందుకే. అమ్మోనియా ఉన్న ఇత్తడి పాలిష్‌లతో తొడుగులు రుద్దకూడదు. అమ్మోనియా ఉన్న ఎరువులు, శుభ్రం చేసే ద్రవాలు, పిల్లి మలమూత్రాల పెట్టె ఉన్న గదిలో తూటాలు పెట్టకూడదు. మన ఇళ్లలో ఇత్తడి గిన్నెలను చింతపండుతో తోమినట్టు తూటాలు నింపుకునే చాలామంది పలుచటి సిట్రిక్ ఆమ్లంతో తొడుగులు కడుగుతారు. బాగా జాడించి ఆరబెడితే దానివల్ల హాని లేదు.

ఇత్తడి మీద పట్టే ఆకుపచ్చ చిలుము మరో సంగతి. తోలు పట్టీలో గుచ్చి ఉంచిన తూటాలకు తోలును పదును చేయడానికి వాడిన ఆమ్లాల వల్ల చిలుము తొందరగా పడుతుంది. తోలు పట్టీ వేటకు వెళ్లే రోజుకు సరిపోతుంది, నిల్వకు సరిపోదు. పైన తుడిస్తే పోయే మసక రంగు ప్రమాదకరం కాదు. గుంటలు పడితే, లేదా చిలుము మూతి లోపలి నుంచి వస్తున్నట్టుంటే ఆ తూటాను పక్కన పెట్టాల్సిందే. లోపలి చిలుము మందు చెడి ఆమ్లం పుడుతోందనడానికి గుర్తు.

ప్రైమర్

ప్రైమర్‌లోని లెడ్ స్టిఫ్నేట్ మిశ్రమం పొడిగా ఉంటే చాలాకాలం నిలుస్తుంది. దాన్ని చెడగొట్టేవి నూనె, తేమ. తొడుగు నొక్కేముందు పూసే నూనె వేళ్లకు అంటి ప్రైమర్ మీదికి చేరడం, పట్టిన తుప్పు వదిలించే పలుచటి నూనె నింపిన తూటా మీద పడటం సాధారణంగా జరిగే పొరపాట్లు. వెంటనే ఏమీ కనిపించదు, ఆరు నెలల తర్వాత తూటా పేలదు.

పాత ప్రైమర్ల కథ వేరు. పాదరసపు మిశ్రమం ఉన్నవి పేలిన తర్వాత ఇత్తడిని పెళుసు చేస్తాయి కాబట్టి అలాంటి తొడుగులు మళ్లీ నింపడానికి పనికిరావు. పొటాషియం క్లోరేట్ ఉన్నవి తుపాకీ గొట్టంలో ఉప్పు మిగిల్చి తుప్పు పట్టిస్తాయి.

వాడని ప్రైమర్లను అవి వచ్చిన ప్యాకెట్టులోనే ఉంచాలి. ఆ ప్యాకెట్టులో గుంటకొకటిగా వాటిని ఎడంగా అమర్చడానికి కారణం అందం కాదు. గాజు సీసాలోకి ఒంపితే ఒకటి పేలినప్పుడు మిగతావన్నీ ఒక్కసారిగా పేలతాయి.

గుండు, మూతి పట్టు

సీసపు గుండ్లు చెక్క అరల్లో, ముఖ్యంగా ఓక్ చెక్కలో తెల్లటి పొడి పట్టిపోతాయి. ఆ చెక్క వదిలే వెనిగర్ ఆవిరి సీసాన్ని తింటుంది. అచ్చుపోసిన సీసపు గుండ్ల గాడుల్లో మైనం కలిసిన కందెన ఉంటుంది. ఎండాకాలపు వేడికి అది కరిగి కిందికి జారితే మందు తడుస్తుంది, తూటా బలహీనంగా పేలి గుండు గొట్టంలోనే ఇరుక్కుపోవచ్చు. దాన్ని గమనించక తర్వాతి తూటా పేలిస్తే గొట్టం చీలుతుంది.

మూతికీ గుండుకూ మధ్య కాలక్రమంలో రెండు లోహాలు అతుక్కుపోవడం ఇంకొక సమస్య. దీనికి ప్రసిద్ధ ఉదాహరణ అమెరికాలో 1921 జాతీయ గురి పోటీలకు ఇచ్చిన తూటాలు. గొట్టంలో లోహపు మరకలు పడకుండా గుండ్లకు తగరం పూశారు. ఆ తగరం తొడుగు మూతికి టంకం వేసినట్టు అతుక్కుంది. గుండు కదలడానికి కావలసిన బలం పెరిగింది, ఆ పైన కొందరు తూటాలకు గ్రీజు రాయడంతో ఒత్తిడి ప్రమాదకరంగా పెరిగింది. రాగి కవచమున్న మామూలు గుండ్లలో ఇంత తీవ్రత ఉండదు. అయినా మరీ శుభ్రంగా మెరుగుపెట్టిన మూతుల్లో ఏళ్ల తరబడి ఉన్న గుండ్లు పట్టేయడం గురి పోటీల వారికి తెలిసిందే. చాలాకాలం నిల్వ ఉంచదలచిన తూటాల్లో కొందరు గుండును కాస్త పైకి ఉంచి, వాడేముందు మళ్లీ సరైన లోతుకు దించుతారు. అతుకు ఏదైనా ఉంటే అప్పుడు విడిపోతుంది.

షాట్‌గన్ తూటాలకు ఒకప్పుడు అట్ట గొట్టాలుండేవి. తేమకు ఉబ్బి తుపాకీలో దూరకపోవడం వాటి నిత్య సమస్య. 1960లో రెమింగ్టన్ ప్లాస్టిక్ గొట్టాలు తెచ్చాక ఆ బాధ చాలావరకు పోయింది.

నిల్వ పద్ధతి

చల్లగా, పొడిగా, వేడి హెచ్చుతగ్గులు లేకుండా ఉంచడం మొదటి నియమం. హెచ్చుతగ్గుల మాట చాలామంది మరిచిపోతారు. రాత్రి చల్లబడి పగలు వేడెక్కే చోట లోహం మీద నీటి బిందువులు పేరుకుంటాయి. అందుకే ఒక మాదిరి వెచ్చటి పడకగది అలమారా, రాత్రిళ్లు వణికే గ్యారేజీకన్నా మేలు. రబ్బరు అంచు మూత ఉన్న సైనిక ఉక్కు డబ్బాలు నింపిన తూటాలకు బాగా పనికొస్తాయి, అయితే తేమగా ఉన్న రోజున మూత బిగిస్తే ఆ తేమ లోపలే ఉండిపోతుంది. విశాఖపట్నం వంటి సముద్రతీరంలో గాలి ఉప్పును కూడా మోసుకొస్తుంది కాబట్టి అలాంటి చోట్ల డబ్బా బిగింపు మరింత ముఖ్యం.

నింపని మందుకు నియమం దాదాపు తిరగబడుతుంది. దాన్ని గట్టి ఉక్కు పెట్టెలో బంధించకూడదు. పొగలేని మందు బయట మంటలా కాలుతుంది, బంధిస్తే పేలుతుంది. అందుకే ఫ్యాక్టరీ డబ్బాలను ఒత్తిడికి సులువుగా విచ్చుకునేలా చేస్తారు, మందును ఎప్పుడూ ఆ డబ్బాలోనే ఉంచాలి. అమెరికాలో అగ్నిభద్రతా నియమావళి ఇళ్లలో మందును 20 పౌండ్ల వరకు అసలు డబ్బాల్లో, అంతకు మించి 50 పౌండ్ల వరకు కనీసం ఒక అంగుళం మందం చెక్క పెట్టెలో ఉంచడానికి, ప్రైమర్లు 10,000 వరకు ఉంచడానికి అనుమతిస్తుంది. నింపే యంత్రం తొట్టిలో మందును రాత్రంతా వదలకూడదు. నైట్రోగ్లిజరిన్ ఉన్న మందు కొన్ని రకాల ప్లాస్టిక్‌ను తినేస్తుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం, మర్నాడు ఆ తొట్టిలో ఉన్నది ఏ మందో గుర్తుండకపోవడం.

ఇంటికి నిప్పంటుకుంటే తూటాలు బాంబుల్లా పేలతాయన్న భయం ఉంది. తుపాకీ గొట్టం ఆసరా లేని తూటాలో తొడుగే చీలిపోతుంది, గుండు ఎక్కువ వేగం అందుకోదు. అమెరికా తూటా తయారీదారుల సంస్థ అగ్నిమాపక సిబ్బంది కోసం పెద్ద ఎత్తున తూటాలు కాల్చి ఈ సంగతి చూపించింది. తుపాకీలో నింపి ఉంచిన తూటా మాత్రం మంటల వేడికి పేలి గుండును నిజంగానే వేగంగా వదలగలదు.

చీటీ

డబ్బా మీద నింపిన తేదీ, మందు పేరు, విడత సంఖ్య, తూకం, ప్రైమర్ రకం, గుండు బరువు, తొడుగు ఎన్నోసారి నింపినదో, ఏ తుపాకీ కోసమో రాయాలి. నిల్వకు సంబంధించిన జాగ్రత్తల్లో ఖర్చు అతి తక్కువైనదీ, ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేదీ ఇదే. చీటీ లేని చేతినింపు తూటా రసాయనికంగా ఎంత బాగున్నా దాని ఆయుష్షు తీరినట్టే లెక్క. ఒక తుపాకీకి సరిపోయిన కొలత అదే కొలత గొట్టమున్న మరో తుపాకీలో హద్దు దాటవచ్చు. తాతో తండ్రో నింపి వదిలేసిన తూటాల్ని ప్రేమతో దాచుకోవచ్చు, పేల్చకూడదు.

చెడిన గుర్తులు, పారవేయడం

బాగున్న మందు డబ్బా తెరిస్తే ఈథర్ లాంటి తేలికపాటి వాసన వస్తుంది. ముక్కు మండించే పుల్లటి వాసన, తుప్పు రంగు దుమ్ము, ఎర్రటి పొగ కనిపిస్తే అది చెడింది. ఆ డబ్బాను ఇంట్లోంచి వెంటనే బయటికి తీసి, అధికారుల సూచన ప్రకారం నాశనం చేయాలి. నింపిన తూటాల్లో మూతి చీలిక, గుంటలు పడ్డ చిలుము, వదులైన గుండు, ఉబ్బిన లేదా పైకి తేలిన ప్రైమర్ తిరస్కరించదగ్గ లోపాలు. తడిసిన తూటా ఆరాక కొన్నిసార్లు పేలుతుంది. ఆ కొన్నిసార్లే ప్రమాదం.

పాత తూటాకు పిన్ను తగిలినా పేలకపోతే తుపాకీని గురి దిశలోనే కనీసం 30 సెకన్లు ఉంచాలి. బలహీనమైన ప్రైమర్ ఆలస్యంగా అంటించవచ్చు. శబ్దం మామూలుకన్నా చిన్నగా వస్తే, తుపాకీ ఖాళీ చేసి గొట్టంలో గుండు ఇరుక్కుందేమో చూడకుండా రెండో తూటా పెట్టకూడదు.

చట్టం

1959 నాటి భారత ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నిషిద్ధం. తూటా భాగాలు, వాటి తయారీ యంత్రాలు కూడా తూటా అన్న నిర్వచనంలోకే వస్తాయి. 2019 సవరణ తర్వాత అక్రమ తయారీకి కనీస శిక్ష ఏడేళ్ల జైలు, గరిష్ఠం యావజ్జీవం. తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన నింపుకునే హక్కు రాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సుదారు దగ్గర పాత ఫ్యాక్టరీ తూటాలు పాడైతే వాటిని పాతిపెట్టడం, నీళ్లలో పారేయడం కాకుండా పోలీసు స్టేషన్‌కో లైసెన్సున్న డీలరుకో చెప్పి అప్పగించడం సరైన మార్గం.